బేరం తెగనివ్వని రోజులు

నా వీసా మీద నేను వంటవాణ్ణి. కువైట్‌లో నా చేతి వంట తిన్న ఒకే ఒక్క మనిషి మాత్రం ఆ మాట ఎవరెత్తినా నా తరఫున క్షమించమన్నట్టు చేతులు జోడించేవాడు. నాకు వచ్చిన వంటల్లా పాలు పొంగకముందే దించడం. అది కూడా ఎప్పుడూ కుదిరేది కాదు.

గల్ఫ్‌కు బయలుదేరే పిల్లలు ఇప్పటికీ మా ఇంటికొస్తారు. అక్కడ ఎట్లా నడుచుకోవాలని అడుగుతారు. ఇఖామా కార్డు, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి, జేబులో లేకుండా గడప దాటొద్దని చెబుతాను. ఏ వస్తువుకైనా చెప్పిన ధరలో సగానికి అడగమని చెబుతాను. వాళ్ళు తలూపి, నేను పెట్టిన టీ తాగి, మొహం చిట్లించి వెళ్ళిపోతారు. నేను అక్కడ నిజంగా నేర్చుకున్నది మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అందులో నేను తెలివైనవాడిగా కనిపించను, అందుకని. ఇప్పుడు ఉద్యోగం లేదు, గిరాకీ లేదు, పోయే పరువు పెద్దగా లేదు. కాబట్టి చెబుతున్నాను.

మాది రాయచోటి వైపు. నాన్నకు పశువుల సంత పక్కన కిరాణా అంగడి ఉండేది. సంత రోజున దళారులంతా మా అంగడి అరుగు మీదే కూర్చునేవాళ్ళు. ఎద్దుల బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపితే దళారి పైన తువ్వాలు కప్పేవాడు. లోపల వేళ్ళు మాట్లాడుకునేవి. వేళ్ళు పట్టుకుంటే ధర. అరచేతిలో గోకితే 'ఇంకా ఆగు' అని. బొటనవేలు నొక్కితే బేరం తెగినట్టు, ఇక దేవుడొచ్చి చెప్పినా మార్చకూడదు. పైన మాత్రం ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు. నేను బడిలో నేర్చుకున్నది తక్కువ, ఆ అరుగు మీద నేర్చుకున్నది ఎక్కువ. తరువాత నాన్న అరువులిచ్చి అంగడి ముంచేశాడు. ముందు అక్క, ఆమె వెనక నేను, కువైట్ విమానం ఎక్కాం.

అక్క రుమైథియాలో ఒక ముసలావిడ ఇంట్లో పనికి కుదిరింది. గల్ఫ్ ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళందరిలాగే ఆ ఇంటి యజమానురాలిని 'మామా' అని పిలిచేది. నేను సాల్మియాలో ఒక బట్టల అంగట్లో చేరాను. మేస్త్రీ నాకు అక్కడే దొరికాడు.

ఆయన బ్రెజిల్ దేశపు సంగీతకర్త. పాటగాడు కాదు, పియానోకూ వయొలిన్లకూ పెద్ద పెద్ద వాద్యబృందాలకూ స్వరాలు రాసే మనిషి. కువైట్‌లో ఒక సంగీత పాఠశాల ఆయన్ను పంతుళ్ళకు పాఠం చెప్పడానికి పిలిపించుకుంది. ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. తెల్లటి జుట్టు, గుండీలు తప్పుగా పెట్టుకున్న చొక్కా, డెబ్బై దాటిన పొడుగాటి మనిషి అంగట్లోకొచ్చి 'తువాల్యా' అన్నాడు. వాళ్ళ భాషలోనూ అదే మాటట. నేను తువ్వాలు తీసి ఎక్కువ ధర చెప్పాను. ఆయన ఇచ్చేశాడు.

ఇచ్చేశాడు! బేరం చేయకుండా! అంగట్లో పుట్టినవాడికి అంతకు మించిన అవమానం లేదు. వీధిలోకి పరుగెత్తి ఆయన్ను పట్టుకున్నాను. "అయ్యా, ఇట్లా కొంటే మీరు బతకలేరు. సగానికి అడగాలి, నేను కాదనాలి, మీరు వెళ్ళిపోతున్నట్టు నటించాలి, నేను వెనక్కి పిలవాలి" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "నేను ఎంత దూరం వెళ్ళాక పిలుస్తావు?" అని అడిగాడు.

"అది చూసుకొని పిలవాలి. తొందరపడితే నష్టం, ఆలస్యమైతే గిరాకీ పోతుంది."

"ఇది సంగీతం," అన్నాడు ఆయన. "మళ్ళీ మొదటినుంచి చేద్దామా?" మళ్ళీ మొదటినుంచి చేశాం. ఆ వారంలోనే నన్ను తన దగ్గర పనికి అడిగాడు. బజారు చేయాలి, కారు నడపాలి, ఆయన పియానో వాయిస్తుంటే కాగితం తిప్పాలి. వంటవాడి వీసా ఒక్కటే దొరికింది. అట్లా వంటవాణ్ణయ్యాను.

పాఠశాలలో అందరూ ఆయన్ను 'మెస్త్రి' అనేవాళ్ళు, ఆయన భాషలో గురువు అని అర్థం. మా ఊళ్ళో ఇళ్ళు కట్టేవాణ్ణి మేస్త్రీ అంటాం. నాకూ అక్కకూ ఆయన మేస్త్రీయే. శుక్రవారం సెలవు రోజున అక్క వచ్చి వండేది. ఆ ఒక్క రోజూ ఆయన కడుపునిండా తినేవాడు. రాగిసంగటి ముద్దను నేతిలో ముంచి, కళ్ళు మూసుకొని, నమలకుండా మింగడం నేర్చుకున్నాడు.

"ఏం మేస్త్రీ, బాగుండాదా?" అనేది అక్క.

"బాగుండాది అక్కా," అనేవాడు ఆయన అచ్చం కడప జిల్లా యాసలో. ఆయన చెవికి ఏదీ తప్పిపోయేది కాదు.

తన కథ ఆయన నాకు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నేను దాన్ని లాభనష్టాల్లో పెట్టుకుంటూ విన్నాను. ఆయన తండ్రిది కూడా అంగడే. నది ఒడ్డున చిన్న ఊళ్ళో తాళ్ళు, కిరసనాయిలు, ఉప్పుచేపలు అమ్మేవాడట. కొడుకును గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడితే, కొడుకు తక్కెడ పళ్ళేలు వాయించి గిరాకీని తరిమేశాడు. చర్చిలో ఫాదర్ దగ్గర హార్మోనియం నేర్చి, సరుకుల పడవలో పట్నం చేరి, సర్కస్‌లో ఏనుగులు వచ్చేటప్పుడు వాయించి చదువుకున్నాడు. మొదటి పెద్ద రచన ఒకే ఒక్కసారి వినిపించారు. మర్నాడు పేపర్లో రాసింది చదివి వాళ్ళ నాన్న, అంగట్లో చోటు ఇంకా ఖాళీగానే ఉందని కబురు పెట్టాడట.

"పోయుంటే సుఖపడేవాళ్ళు కదా?" అన్నాను.

"ఉప్పుచేపలు సుఖపడేవి కావు," అన్నాడు.

తరువాత పారిస్. అక్కడి గురువు "నువ్వు మా సంగీతాన్ని మాకే అమ్ముతున్నావు, మీ ఊరి సరుకేది?" అన్నాడట. ఈయన తిరిగి వెళ్ళి నది ఒడ్డున చాకలి ఆడవాళ్ళ పాటలు విని, వాటిని వాద్యాలకు ఎక్కించాడు. అప్పుడు కొంత పేరొచ్చింది, పెళ్ళయింది, కూతురు పుట్టింది, కాలేజీలో ఉద్యోగం దొరికింది. అంతలో ఆ దేశాన్ని సైన్యం పట్టుకుంది. సమ్మె చేస్తున్న కూలీల కోసం ఈయన ఒక బృందగానం రాశాడు. ఉద్యోగం ఊడింది. మళ్ళీ పారిస్‌లో పదేళ్ళకు పైగా ఇంటింటికీ తిరిగి పిల్లలకు పాఠాలు. అక్కడే భార్య పోయింది. రాసినవాటిలో వినిపించినవి తక్కువ, అటక మీద మిగిలినవి ఎక్కువ. మా నాన్న కంటే ఘోరమైన వ్యాపారం. ఇంత పనికి ఆయన దగ్గర మిగిలిన ఆస్తి ఒకటే, నల్లటి పెద్ద పియానో. భార్య తండ్రి ఇచ్చిందట. ఆయన ఏ దేశం పోతే అది ఓడెక్కి వెనకే వచ్చేది. సాల్మియాలో సముద్రం కనపడే మూడో అంతస్తు ఇంట్లోకి దాన్ని బాల్కనీ గుండా తాళ్ళతో ఎక్కించారు.

తువ్వాలు బేరం గురించి ఒకసారి చెప్పాను. ఆయన వెంటనే కొత్త తువ్వాలు తెచ్చి చేయి చాచాడు. ఆ రోజంతా నాకు ఎద్దులు అమ్మాడు. చివరికి, "పైన వాన గురించి మాట, కింద అసలు మాట. ఇది నేను రాయాలి," అన్నాడు. అట్లా మొదలైంది ఆయన ఆఖరి రచన. పనిలో మునిగితే మాటలు ఉండేవి కావు. "అయిందా మేస్త్రీ?" అని నేను చేయి చాస్తే అరచేతిలో గోకేవాడు. ఇంకా ఆగు, అని.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది.

దాని గురించి తెలిసినవాళ్ళు చాలామంది రాశారు. నాకు తెలిసిందల్లా రొట్టె కోసం వరస, వీధి మలుపుల్లో తుపాకులు, పగలగొట్టిన అంగళ్ళ అద్దాలు. నేను పనిచేసిన బట్టల అంగట్లో చివరికి బొమ్మకు కట్టిన చీర కూడా మిగల్లేదు. మేస్త్రీ బాల్కనీలోంచి ట్యాంకులు చూసి లోపలికొచ్చాడు. "సైనికులు నా పని మధ్యలో రావడం ఇది రెండోసారి," అన్నాడు. "నాకు వీళ్ళతో ఏదో లెక్క తేలలేదు."

మన దేశం వాళ్ళు బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు బయలుదేరుతున్నారు. నేను పోవచ్చు. మేస్త్రీ కష్టం వేరు. తెల్లతోలు మనిషి కనపడితే ఏ దేశమని అడగకుండా పట్టుకుపోతున్నారని వీధిలో అనుకునేవాళ్ళు. అక్క కష్టం ఇంకోటి. ఆమె పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే ఆమెను పనికి రప్పించుకున్న మామా కొడుకు దగ్గర ఉంది. ఆ కొడుకు బీరువాకు తాళం వేసి, వేసవికి లండన్ పోయి అక్కడే చిక్కుపడ్డాడు. ముగ్గురం కలిసి బయటపడే దారి ఒకటి కావాలి. ఆ దారి తనంతట తానే మెట్లెక్కి వచ్చి తలుపు తట్టింది.

ఇద్దరు సిపాయిలతో ఒక ఆఫీసరు. మీసాలు నున్నగా దువ్విన మనిషి. ఇల్లంతా చూసి పియానో దగ్గర ఆగాడు. మూత ఎత్తాడు, చెక్క మీద వేలు రాశాడు. "రంగు వెలిసింది," అన్నాడు అరబీలో. "ఇక్కడ గీత పడింది. కాలు కొంచెం వంకర."

నా ప్రాణం లేచొచ్చింది. దోచుకునేవాడు వంక పెట్టడు. వంక పెట్టాడంటే కొనేవాడే.

"సయ్యిదీ, మీ నాయనగారిది ఏ అంగడి?" అన్నాను. సయ్యిదీ అంటే అయ్యగారూ అని.

ఆయన తుపాకీ పట్టుకున్న సిపాయి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. "చెప్పులది. బస్రాలో. నీకెట్లా తెలుసు?"

"మాది కిరాణా," అన్నాను. అంతే, ఇద్దరం కూర్చున్నాం. టీ పెట్టాను. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు దూరంగా పెట్టాడు. పియానో కూతురికట. ఎత్తుకుపోదామంటే మూడంతస్తులు. తెలియనివాళ్ళు దించితే కింద చేరేది కట్టెలే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. దాన్ని విప్పి, సిద్ధం చేసి ఇవ్వగల మనిషి మేస్త్రీ ఒక్కడే. అక్కడ పట్టుకున్నాను. మేస్త్రీ పియానోను సిద్ధం చేసి ఇస్తాడు. బదులుగా దారిలో ఎవరూ ఆపకుండా ఆఫీసరు ముద్ర వేసిన కాగితం, కారుకు పెట్రోలు.

"ఇద్దరికి ఇస్తాను," అన్నాడు.

"ముగ్గురికి. మా అక్క ఉంది."

"రఫీక్, పియానోకు కాళ్ళు మూడు ఉన్నాయని మనుషులు కూడా ముగ్గురా?" అన్నాడు. అక్కడ మనవాళ్ళందర్నీ రఫీక్ అనే పిలుస్తారు, దోస్తు అని.

"మీరే లెక్క సరిగ్గా చెప్పారు, సయ్యిదీ."

ఆయన నవ్వాడు. నేను ఇదంతా మేస్త్రీకి ఇంగ్లీషులో చెప్పాను. ఆస్తి అంతా అదొక్కటే కదా, ఒప్పుకోడనుకున్నాను. ఆయన పియానో మూత మీద చేయి వేశాడు. "ఇవ్వు," అన్నాడు. "కానీ వెంటనే కాదని చెప్పు. నా రచన పూర్తి కాలేదు. దానికి పియానో కావాలి."

నాకు లోపల ఎంత సంతోషమో! ఎందుకంటే ముందు రోజే రుమైథియా పోయి అక్కను రమ్మంటే, "మామాను ఒక్కదాన్నే ఇడిసి యాడికొస్తారా? ఆ ముసల్ది మంచం దిగలేదు. నేను రాను," అని తెగేసి చెప్పింది. ఆమె మనసు మారేదాకా నాకు గడువు కావాలి. ఆ మాట మేస్త్రీకి చెబితే ఆయన నా కోసం ఆగుతాడు, ఆ రుణం నా నెత్తిన పడుతుంది. చెప్పకపోతే ఆయన పని కోసం ఆయనే ఆగుతాడు, నాకు గడువు ఊరికే వస్తుంది. ఊరికే వచ్చేదాన్ని వదులుకునే వంశం కాదు మాది. నోరు మూసుకున్నాను.

ఆఫీసరుకు మాత్రం కథ కావాలి. "సయ్యిదీ, దీని తీగల బిగువు ఏనుగును ఎత్తుతుంది. బిగువు మీద ఉండగా దించితే లోపలి ఇనుము పగులుతుంది. రోజుకింత వదులు చెయ్యాలి, నెయ్యి కరిగినట్టు," అన్నాను. అందులో నిజమెంతో నాకు తెలియదు. మేస్త్రీకి కూడా అదే చెప్పాను. ఆయన గంభీరంగా తలూపి, తీగలు తిప్పే చావి తీసుకొని పియానోలోకి వంగాడు. ఏం నటన అనుకున్నాను.

జీవితంలో అన్ని బేరాలూ తొందరగా తెంచడానికే చేశాను. తెగకుండా సాగదీయడం అదే మొదటిసారి. ఆఫీసరు రెండు రోజులకోసారి వచ్చేవాడు. నేను ఒకసారి తేమ ఎక్కువైందనేవాణ్ణి, ఒకసారి కాళ్ళకు గుడ్డ చుట్టాలనేవాణ్ణి. పెట్రోలు ఇంకాస్త అడిగేవాణ్ణి. ఆయన కాదనేవాడు. నేను అలిగేవాణ్ణి. ఒకరోజు ఆయన ఖర్జూరాలు తెచ్చి నన్ను సముదాయించాడు. తుపాకీ ఉన్నవాడు లేనివాణ్ణి బతిమాలడం చూసి మెట్ల మీద సిపాయి నోరు తెరిచాడు.

పొద్దున నేను రొట్టె వరసలో, నీళ్ళ వరసలో నిలబడేవాణ్ణి. వచ్చాక మేస్త్రీ భోజనం బల్ల దగ్గర కాగితాలు ముందేసుకొని ఉండేవాడు. పియానో మోగేది కాదు. చప్పుడు వింటే సిపాయిలు వస్తారని జాగ్రత్త పడుతున్నాడనుకున్నాను.

"అయిందా మేస్త్రీ?"

అరచేతిలో గోకేవాడు.

"ఆ ఆఫీసరుకు ఓపిక పోతాంది. తొందరగా కానీండి!" అని పైకి విసుక్కొనేవాణ్ణి. లోపల దండం పెట్టుకొనేవాణ్ణి. వీలైనప్పుడల్లా రుమైథియా పోయి అక్కను బతిమాలేవాణ్ణి. ఆమెది ఒకటే మాట.

ఒక ఉదయం ఆఫీసరు ఖర్జూరాలు లేకుండా వచ్చాడు. వెంట ఒక కొత్త సిపాయి. పటాలం బ్యాండులో పనిచేసేవాడట, పియానోలు తెలిసినవాడు. నేను వరసల్లో ఉన్నప్పుడు మేస్త్రీ ఆ పియానో మీద మెల్లగా వాయించి చూసుకుంటూ రచన చేస్తున్నాడని నా లెక్క. అంటే తీగలు బిగువుగానే ఉంటాయి. ఇన్నాళ్ళూ నేను చెప్పింది అబద్ధమని ఒక్క మీట నొక్కితే తేలిపోతుంది. ఆఫీసరు నా వైపు చూడకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు. అంగడివాడికి తను మోసపోయానని తెలిసే క్షణం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. వాడి నడుముకు తుపాకీ కూడా ఉంటే ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

బ్యాండు సిపాయి మీట నొక్కాడు.

తడిసిన డప్పు మీద చెప్పుతో కొట్టినట్టు మోగింది. ఇంకోటి నొక్కాడు. అదీ అంతే. లోపలికి తొంగి చూసి, "బాగా వదులు చేశాడు సయ్యిదీ. పనితనం తెలిసిన మనిషి," అన్నాడు.

నేను మేస్త్రీ వైపు చూశాను. ఆయన చావి తుడుచుకుంటున్నాడు. అప్పుడైనా నాకు వెలగాలి. వెలగలేదు. బతికిపోయామన్న సంతోషంలో బుర్ర పనిచేయలేదు.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. "సరే, అయితే సిద్ధమే," అన్నాడు ఆఫీసరు. "మా దళాన్ని వేరే చోటికి మారుస్తున్నారు. మధ్యాహ్నం లారీ వస్తుంది. కాగితం ఇదిగో, ముగ్గురికి. రేపటి నుంచి ఇక్కడ నా ముద్రను ఎవరూ చూడరు. ఈ రోజే పోవాలి. ఖలాస్."

బేరం తెగిపోయింది. అక్క ఇంకా రుమైథియాలోనే ఉంది.

కారు తీసి పరుగెత్తాను. అక్క వంటింట్లో మామాకు గంజి కాస్తోంది.

"అక్కా, ఈ పొద్దే ఆఖరు. రా."

"నీకు ఎన్నిసార్లు చెప్పాల్రా? ఆమెకు ఎవురుండారు నేను తప్ప?"

ఇక అక్కతో లాభం లేదని నేరుగా మామా గదిలోకి పోయాను. దుప్పటి కప్పుకొని పడుకొని ఉంది. మంచం పక్కన నేల మీద కూర్చొని, "మామా, మీవాళ్ళు ఎవరూ లేరా?" అని అరబీలో అడిగాను.

"ఎందుకు లేరు?" అంది. "కబ్ద్‌లో మా అన్న కొడుక్కి మేకల దొడ్డి ఉంది. వచ్చి తీసుకుపోతానని రోజూ ఫోన్ చేస్తాడు."

"మరి పోలేదేం?"

ఆవిడ గొంతు తగ్గించింది. "నేను పోతే మీ అక్క గతేం కాను? ఎడారి దొడ్లో మగవాళ్ళంతా ఉంటారు. దాన్ని అక్కడికి ఎట్లా తీసుకుపోను? ఇక్కడ ఒక్కదాన్నే ఎట్లా వదలను?"

నాకు నవ్వాపుకోవడం కష్టమైంది. అక్కను పిలిచాను. ఇద్దర్నీ ఎదురెదురుగా పెట్టి, ఒకరి మాట ఇంకొకరికి చెప్పాను. అక్క గంజి గిన్నె పట్టుకొని నిలబడిపోయింది. మామా దుప్పటి తీసేసి లేచి కూర్చుంది.

"అయితే నువ్వు నా కోసం ఆగినావా?" అంది అక్క.

"నువ్వే కదే నా కోసం ఆగింది, పిచ్చిదానా!" అంది మామా.

తరువాత అంతా ఆవిడే చేసింది. అన్న కొడుక్కి ఫోన్ చేయించింది. వంటింట్లోని ఇత్తడి రోకలి తెప్పించి, కొడుకు బీరువా తాళం నా చేత పగలగొట్టించి, పాస్‌పోర్టు అక్క చేతికిచ్చింది. దారిలో కప్పుకొమ్మని తన అబాయా కూడా ఇచ్చింది. కబ్ద్ నుంచి పికప్ వచ్చి ఆమెను ఎక్కించుకునేదాకా అక్క కదల్లేదు. "మంచం దిగలేదు అంటివే," అన్నాను, ఆవిడ తన కాళ్ళ మీద తను నడిచి బండి ఎక్కుతుంటే.

"నాకు మాత్రం తెలుసా?" అంది అక్క ముక్కు చీదుకుంటూ.

కారులో నేను ఆగకుండా ఎగతాళి చేశాను. "ఇద్దరూ ఇద్దరే. నోరు తెరిచి అడిగుంటే ఎప్పుడో తేలిపోయేది. ఒకరి కోసం ఒకరు ఆగడం, ఆ మాట ఒకరికొకరు చెప్పకపోవడం! అంగట్లో పుట్టినదానివి, ఇంత అమాయకంగా ఎట్లా ఉండావక్కా?"

సాల్మియా చేరేసరికి పియానో బాల్కనీలోంచి తాళ్ళ మీద దిగుతోంది. మేస్త్రీ కింద వీధిలో నిలబడి, తువ్వాల్లో కట్టిన కాగితాల మూట చంకలో పెట్టుకొని చూస్తున్నాడు. లారీలోకి ఎక్కించాక చావి ఆఫీసరు చేతిలో పెట్టాడు. "మీ అమ్మాయికి చెప్పండి. దీనికి ఎడమవైపు కొంచెం కోపం ఎక్కువ. మెల్లగా అడగాలి," అన్నాడు. నేను తర్జుమా చేశాను. ఆఫీసరు చావిని జేబులో వేసుకొని, మేస్త్రీకి సెల్యూట్ చేశాడు. తరువాత నా దగ్గరికొచ్చి చెవిలో, "రఫీక్, పెట్రోలు నువ్వు అడిగిన దానికంటే ఎక్కువే పోయించాను. ఇంకాస్త గట్టిగా అడగాల్సింది," అని వెళ్ళిపోయాడు. యుద్ధం తరువాత ఆయన ఏమయ్యాడో, ఆ అమ్మాయి వాయించిందో లేదో నాకు తెలియదు.

ఆ కాగితం పనిచేసింది. బస్రా, బాగ్దాద్, తరువాత ఎడారి దారి. చెక్‌పోస్టు దగ్గరల్లా ముద్ర చూపించేవాణ్ణి, వాళ్ళు మేస్త్రీ మొహం చూసి కాగితం చూసి వదిలేవాళ్ళు. జోర్డాన్ సరిహద్దులో డేరాల మధ్య కారు దిగాం. ఇసుక, ఎండ, విమానం కోసం ఎదురుచూసే జనం. అక్క ఎక్కడో పొయ్యి సంపాదించి టీ కాచింది. చాలా రోజులకు మంచి టీ.

అది తాగిన బలంతో నేను మేస్త్రీని దులపడం మొదలుపెట్టాను. "ఒక్క రచన కోసం ఎంత పని పెట్టారు! ఆ బ్యాండువాడు మీట నొక్కినప్పుడు నా ప్రాణం పోయింది. కొంచెం తొందరగా రాసుంటే ఏం పోయేది?"

అక్క గ్లాసు దించి, "ఆయప్పనెందుకురా అంటావు?" అంది. "నీదే తప్పు. నన్ను ఇడిసిపెట్టి పొమ్మని నేను ఫోన్ చేసి చెప్పలా?"

"ఎప్పుడు?"

"ఆ పియానో వాడు మొదట వచ్చిన పొద్దే, వాడు రాకముందు! నువ్వు రొట్టెల కాడికి పోయినావంట. మేస్త్రీ ఎత్తినాడు. మామాకు బాగలేదు, నేను రాను, మీరిద్దరూ పోండి, మా వానికి చెప్పు అని అరబీలో చెప్తిని, ఇంగ్లీషులో చెప్తిని. 'సరే అక్కా, బాగుండాది అక్కా' అన్నాడే!"

నేను మేస్త్రీ వైపు తిరిగాను. ఆయన డేరా తాళ్ళు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు.

"మీరు నాకు చెప్పలేదు."

"చెబితే నువ్వు ఏం చేసేవాడివి?" అన్నాడు. "అక్కను వదిలి వచ్చేవాడివా? రావు. నన్ను ఒక్కణ్ణే పంపి నువ్వు ఉండిపోయేవాడివి. నాకు వంటవాడు ఎక్కడ దొరుకుతాడు?"

"మరి రచన?"

ఆయన ఒళ్ళోని మూట విప్పి కాగితాలు పక్కన పెట్టాడు. ఆ తువ్వాలు మా ఇద్దరి చేతుల మీద కప్పాడు. పైన ఎండ గురించి ఏదో అన్నాడు. కింద నా బొటనవేలు నొక్కాడు.

"ఎప్పుడు అయింది?"

"ఆఫీసరు మొదటిసారి మెట్లెక్కేసరికే. ఆ మర్నాటి నుంచే తీగలు నిజంగా వదులు చేశాను. నువ్వు అంత బాగా అబద్ధం చెబుతుంటే, ఎవరో ఒకరు దాన్ని నిజం చేయాలి కదా. వదులైన పియానో మీద ఎవరైనా రచన చేస్తారా, అమీగో? నువ్వు అడుగుతావని రోజూ భయపడ్డాను."

అప్పుడు తెలిసింది నాకు, ఊరికే వచ్చిందనుకున్న గడువు ఎవరు కొని పెట్టారో. బతుకులో మిగిలిన ఒక్క ఆస్తిని, ఇంకొక్కసారి కూడా వాయించుకోకుండా, రోజుకింత వదులు చేసి కొన్నాడు. నేను అంగడి అరుగు మీద పెరిగినవాణ్ణి. సగానికి అడగకుండా తువ్వాలు కొన్న మనిషి నన్ను అంత పెద్ద బేరంలో, నా చేయి తన చేతిలో పెట్టుకొని, ఓడించాడు. రుమైథియా నుంచి సాల్మియా దాకా కారులో అక్కను ఎగతాళి చేసిన మాటలన్నీ గుర్తొచ్చాయి. అక్కకూ గుర్తొచ్చినట్టున్నాయి.

"అంగట్లో పుట్టినోనివి కదరా," అంది. "ఇంత అమాయకంగా ఎట్లుండావు?"

మా విమానం ముందు వచ్చింది. మేస్త్రీని వాళ్ళ దేశం మనుషులకు అప్పగించాం. విడిపోయేటప్పుడు ఆయన చేయి చాచాడు. బొటనవేలు నొక్కుతాడనుకున్నాను. అరచేతిలో గోకాడు.

కొన్నేళ్ళకు ఒక కేసెట్టు వచ్చింది, ఆయన కూతురు పంపింది. నాన్న పోయాడని, ఆయన ఆఖరి రచనను వాళ్ళ ఊరి నది ఒడ్డున హాల్లో వినిపించారని, దాని పేరు తువ్వాలు అని ఉత్తరంలో రాసింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఇంతకాలానికి సరుకు అమ్ముడుపోయింది.

కేసెట్టు అరిగిపోతుందని అప్పుడప్పుడే పెడతాను. పియానో ఒక్కటే. కుడిచేయి ఏదో వానల గురించి మాట్లాడుతున్నట్టు తేలికగా ఉంటుంది. ఎడమచేయి కింద ఎక్కడో మెల్లగా అడుగుతూ ఉంటుంది. ఇక అయిపోయింది అనుకున్న ప్రతిసారీ అవదు. ఆగి, మళ్ళీ మొదలవుతుంది.

మొన్న పెట్టినప్పుడు అక్క వంటింట్లోంచి చేయి తుడుచుకుంటూ వచ్చింది. "ఏందిరా ఇది, అయిపోయిందనుకుంటే మళ్ళా మొదలుపెడతాండాడు?"

"ఎవరి కోసమో ఆగుతాండాడు లేక్కా," అన్నాను.

అక్క నా పక్కన కూర్చుంది. "అట్లయితే ఆగనీలేరా," అంది. "మనకేం తొందర."